టైమ్‌కి పేర్లెన్ని?
పర్యాయపదాలు, నిఘంటువుల లోకంలో వింతలు విశేషాలు

ఇంగ్లీషులో జనం అన్నిటికన్నా ఎక్కువగా వాడే నామవాచకం ఏది? డబ్బు, ప్రేమ, అమ్మ అని చాలామంది అనుకుంటారు. అవేవీ కావు. ఆ మాట ‘టైమ్’. దాన్ని పట్టుకుని బయల్దేరితే నిఘంటువుల ప్రపంచం మొత్తం తిరిగి రావచ్చు. ఆ దారిలో కనిపించే రికార్డులన్నీ ఒక సంగతే చెబుతాయి. మాటలను పోగేసినవాళ్లు పెద్ద పేరున్న పండితులే కాదు, తీరిక చేసుకుని చీటీ మీద ఒక మాట రాసి పంపిన మామూలు మనుషులు కూడా.

అందరి నోటా నానే మాట

ఆక్స్‌ఫర్డ్ నిఘంటుకారులు 2006లో ఒక జాబితా ప్రకటించారు. పుస్తకాలు, పత్రికలు, ఇంటర్నెట్‌లోని రాతలు కలిపి పోగేసిన వంద కోట్ల ఇంగ్లీషు మాటలను కంప్యూటరుతో జల్లెడ పట్టి, ఎక్కువసార్లు వచ్చే నామవాచకాలను వరుసగా పేర్చారు. టైమ్‌కి మొదటి స్థానం దక్కింది. తరువాత పర్సన్, ఇయర్, వే, డే. మొదటి అయిదింటిలో మూడు కాలానికి సంబంధించినవే.

ఆ జాబితాలో మరికొన్ని విశేషాలున్నాయి. మ్యాన్ 7వ స్థానంలో ఉంటే ఉమన్ 14లో ఉంది. పని అనే అర్థంలో వర్క్ 16వది. ఆట, విశ్రాంతి అనే మాటలు మొదటి వందలో లేవు. వార్ 49వ స్థానంలో ఉంది, పీస్‌కి వందలో చోటు దొరకలేదు. టైమ్ ఇంత ముందుండడానికి కారణం అది ఒంటరిగా తిరగకపోవడమే. లాస్ట్ టైమ్, నెక్స్ట్ టైమ్, ఆన్ టైమ్, ఎవ్రీ టైమ్ అంటూ పదుల కొద్దీ పదబంధాల్లో దూరిపోయింది. తెలుగులో కాలం, వేళ, సారి, తీరిక అని నాలుగు వేర్వేరు మాటలు చేసే పనిని ఇంగ్లీషులో అదొక్కటే చేస్తుంది.

టైమ్ చుట్టాలు

‘టైమ్ అండ్ టైడ్ ఎవరి కోసమూ ఆగవు’ అన్న సామెత బడిలో నేర్చుకున్నదే. అందులోని టైడ్ అంటే సముద్రపు పోటు అనుకుంటాం. పాత ఇంగ్లీషులో టైడ్ అంటే కాలం, వేళ. క్రిస్మస్ రోజులను యూల్‌టైడ్ అనడంలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. జర్మన్ భాషలో కాలానికి ఇప్పటికీ వాడే జైట్ అనే మాట ఈ టైడ్‌కి తోబుట్టువు. సముద్రం నిర్ణీత వేళకు పొంగుతుంది కాబట్టి పోటుకు ఆ పేరు తరువాత వచ్చింది.

మధ్యాహ్నం పన్నెండును చెప్పే నూన్ అనే మాటకు మూలం లాటిన్‌లో తొమ్మిదో గంట. సూర్యోదయం నుంచి లెక్కపెడితే అది సుమారు మూడు గంటల వేళ. చర్చి ప్రార్థనల వేళ ముందుకు జరుగుతూ రావడంతో మాట కూడా పన్నెండుకు చేరింది. నిమిషాన్ని మినిట్ అంటున్నారంటే గంటలో మొదటి చిన్న భాగమని, సెకండ్ అంటున్నారంటే రెండోసారి చేసిన చిన్న భాగమని అర్థం. గడియారాన్ని చెప్పే క్లాక్ అనే మాట గంట అనే అర్థమున్న మధ్యయుగ లాటిన్ మాట నుంచి పుట్టింది. తెలుగులోనూ మోగే గంటే అరవై నిమిషాల గంట అయింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల జనం చెవితోనే కాలాన్ని కొలిచారన్నమాట.

ఒకే అర్థం, వేరే చోటు

పర్యాయపదాలంటే ఒకదాని బదులు ఒకటి వాడదగ్గవి అని చెప్పుకుంటాం. తెలుగులో కాలం కుటుంబాన్ని దగ్గరగా చూస్తే అది సగం నిజమేనని తెలుస్తుంది. పెద్దాయన ‘కాలం చేశారు’ అంటాం, ‘సమయం చేశారు’ అనం. రాహుకాలం ఉంది కానీ రాహుసమయం లేదు. వేళకు తినమంటాం, ‘వేళాపాళా లేదా’ అని మందలిస్తాం. ఎంతసేపు అని అడిగితే వ్యవధి, ఎప్పటిలోగా అని అడిగితే గడువు.

పొద్దు అన్న మాటనే తీసుకోండి. దానికి సూర్యుడనే అర్థమూ ఉంది, కాలమనే అర్థమూ ఉంది. పొద్దుపొడుపులో సూర్యుడు కనిపిస్తాడు. ‘బారెడు పొద్దెక్కింది’ అంటే ఆకాశం వైపు చేయి చాచి కొలిచినట్టే ఉంటుంది. ‘బాగా పొద్దుపోయింది’ అంటే ఆలస్యమైందని, ‘పొద్దుపోవడం లేదు’ అంటే తోచడం లేదని. తెలంగాణ పల్లెల్లో ‘ఎగిలివారంగ’ అంటే తెల్లవారుతుండగా అని. ఆ ఒక్క మాటలో చీకటి పలచబడే ఆ కాసేపు మొత్తం ఇమిడి ఉంది.

రైతు నోట ‘అదను’ అనే మాట ఉంది. విత్తడానికి సరిగ్గా తగిన వేళ అది. వాన పడి, నేల పదునెక్కి, మళ్లీ ఆరిపోయేలోపు ఉండే కొద్ది రోజులు. ‘అదను తప్పితే పంట తప్పినట్టే’ అనే రైతుకు సమయమనో, టైమ్ అనో చెబితే ఆ తొందర, ఆ నష్టభయం రెండూ మాటలోంచి జారిపోతాయి. పర్యాయపదం విలువ ఇక్కడే ఉంది. అది అదనపు మాట కాదు, ఇంకొక అనుభవం.

అతి చిన్నది, అతి పెద్దది

‘క్షణంలో వస్తాను’ అంటాం. సంస్కృత నిఘంటువైన అమరకోశంలోని కాలవర్గం లెక్క ప్రకారం క్షణమంటే ఎంతో తెలుసా? 18 నిమేషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కల, 30 కలలు ఒక క్షణం, 12 క్షణాలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక పగలూ రాత్రీ. అంటే ముహూర్తం 48 నిమిషాలు, క్షణం 4 నిమిషాలు. ఇంగ్లీషులో మొమెంట్ కూడా మధ్యయుగంలో కచ్చితమైన కొలతే. గంటలో నలభయ్యో వంతు, అంటే 90 సెకన్లు. కొలతలుగా పుట్టిన ఈ మాటలు రెండు భాషల్లోనూ ‘ఇట్టే’ అనే అర్థానికి వచ్చి స్థిరపడ్డాయి.

పెద్ద కొలతల్లో మన కల్పానికి సాటి వచ్చేది అరుదు. మహాయుగం 43,20,000 సంవత్సరాలు. అలాంటివి వెయ్యి కలిస్తే కల్పం, అంటే 432 కోట్ల సంవత్సరాలు. బ్రహ్మకు అది ఒక పగలు. భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలని ఇప్పటి శాస్త్రం చెబుతున్న లెక్క పక్కన ఈ అంకెను పెట్టి చూస్తే, అంత పెద్ద కాలానికి ఒక పేరు పెట్టుకోగలిగిన ఊహాశక్తికి ఆశ్చర్యం కలుగుతుంది.

మట్టి పలకల నుంచి నిఘంటువు దాకా

తెలిసినంతలో అతి పురాతనమైన ద్విభాషా పదపట్టికలు సిరియాలోని ఎబ్లా శిథిలాల్లో దొరికాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన ఆ మట్టి పలకల మీద సుమేరియన్ మాటలకు ఎబ్లా భాషలో అర్థాలున్నాయి. మెసొపొటేమియా లేఖకులు పర్యాయపదాలకే ప్రత్యేకంగా ఒక జాబితా రాసుకున్నారు. దాని మొదటి పంక్తినే దానికి పేరుగా వాడుతున్నారు: ‘మల్కు = షర్రు’. రెండూ రాజు అనే అర్థమున్న మాటలే. చైనాలో క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటిదని చెప్పే ‘అర్‌యా’ గ్రంథం 19 అధ్యాయాల్లో మాటలను అర్థాల వారీగా కూర్చింది.

మన దేశంలో వేదపదాల జాబితా అయిన ‘నిఘంటువు’ అర్‌యా కన్నా ముందుది. ఇప్పుడు డిక్షనరీకి మనం వాడే పేరు దాన్నుంచి వచ్చిందే. యాస్కుడు నిరుక్తం రాసింది ఆ జాబితాను వివరించడానికే. ఆ జాబితాలో మొదటి మూడు అధ్యాయాలూ పర్యాయపదాలే. మొదట భూమికి 21 పేర్లు, తరువాత బంగారానికి 15. వాక్కుకు ఏకంగా 57. బంగారం కన్నా మాటకు దాదాపు నాలుగింతల పేర్లు పెట్టుకున్న సమాజం అది.

నోటికి వచ్చిన నిఘంటువు

నిఘంటువును కంఠస్థం చేయడమన్నది ప్రపంచంలో అరుదైన సంగతి. అమరసింహుడి నామలింగానుశాసనం, అంటే మన అమరకోశం, శతాబ్దాల పాటు పిల్లల నోట నిలిచింది. మూడు కాండలు, సుమారు 1,500 శ్లోకాలు, దాదాపు పది వేల మాటలు. ఛందస్సులో ఉండడంవల్ల పుస్తకం లేకున్నా నోటికి వచ్చేస్తుంది. కాలానికి అమరుడు నాలుగు పేర్లు చెప్పాడు: కాలం, దిష్టం, అనేహస్సు, సమయం. వీటిలో రెండు నేటికీ మన ఇళ్లలో తిరుగుతున్నాయి, రెండు పుస్తకాల్లో ఉండిపోయాయి. తెలుగునాట వీధిబడుల్లో అమరం వల్లించడం చదువులో భాగంగా ఉండేది. గురుబాలప్రబోధిక అనే తెలుగు టీక దానికి తోడు నిలిచింది.

సంస్కృతానికే కాక అచ్చ తెలుగు మాటలకూ ఇలాంటి పద్య నిఘంటువులు పుట్టాయి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, దానికి కొనసాగింపుగా అడిదము సూరకవి ఆంధ్రనామశేషం, కస్తూరి రంగకవి సాంబనిఘంటువు పద్యాల్లో ఉన్న తెలుగు పర్యాయపద కోశాలు.

73 ఏళ్ల వయసులో

ఇంగ్లీషు పర్యాయపదాలనగానే గుర్తొచ్చే పేరు పీటర్ మార్క్ రోజె. 1779లో లండన్‌లో పుట్టిన డాక్టరు. లాగరిథమ్‌లతో పని చేసే కొత్తరకం స్లైడ్ రూలు రూపొందించాడు. కదులుతున్న వస్తువులు కంటికి ఎలా ఆనతాయో 1824లో వ్యాసం రాశాడు. చాలా ఏళ్లు రాయల్ సొసైటీ కార్యదర్శిగా పనిచేశాడు. తన సొంత అవసరానికి 1805లోనే మాటల జాబితా ఒకటి రాసిపెట్టుకున్నాడు. ఉద్యోగబాధ్యతలు ముగిశాక దాన్ని పెంచి 1852లో ‘థిసారస్’ పేరుతో అచ్చు వేయించాడు. అప్పటికి అతని వయసు 73. మాటలను అక్షరక్రమంలో పెట్టకుండా ఆరు తరగతులు, వెయ్యి శీర్షికల కింద భావాల వారీగా పేర్చాడు. తొంభై ఏళ్ల వయసులో చనిపోయేదాకా దాన్ని సవరిస్తూనే ఉన్నాడు. తరువాత కొడుకు, ఆ తరువాత మనవడు ఆ పని కొనసాగించారు.

అగ్నిప్రమాదాన్ని దాటిన చీటీలు

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 1965లో మైకేల్ శామ్యూల్స్ ఇంకా పెద్ద పని తలపెట్టారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోని మాటలన్నిటినీ అర్థాల వారీగా విడదీసి, ఏ శతాబ్దంలో ఏ భావానికి ఏ మాటలుండేవో చూపాలన్నది సంకల్పం. 1978లో ఆ పని జరుగుతున్న భవనం అగ్నిప్రమాదానికి గురైంది. మాటలు రాసిన చీటీలను ఇనుప బీరువాల్లో దాచినందువల్ల అవి బతికి బయటపడ్డాయి. పని మొదలైన 44 ఏళ్లకు, 2009లో, ఎనిమిది లక్షల అర్థాలతో రెండు భారీ సంపుటాలుగా ఆ చారిత్రక థిసారస్ వచ్చింది. అందులో అన్నిటికన్నా ఎక్కువ పర్యాయపదాలున్న శీర్షిక ‘వెంటనే’ అనే అర్థానిది. దానికి 265 మాటలున్నాయి.

గిన్నిస్ పుస్తకం దృష్టిలో ఇంగ్లీషులో ఎక్కువ పర్యాయపదాలున్నది ‘తాగి ఉన్న’ అనే స్థితికి. అమెరికన్ రచయిత పాల్ డిక్సన్ వాటిని దాదాపు 3,000 దాకా సేకరించాడు. అతనికి ముందు, 1737లోనే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పత్రికలో ఇలాంటివి 200కు పైగా అచ్చు వేశాడు.

పదేళ్లన్న పని డెబ్బై ఏళ్లు

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ఆలోచన 1857లో పుట్టింది. 1879లో జేమ్స్ మర్రే సంపాదకుడిగా ఒప్పందం కుదిరినప్పుడు పదేళ్లలో పూర్తవుతుందనుకున్నారు. అయిదేళ్లు గడిచి 1884లో మొదటి భాగం వచ్చేసరికి ‘యాంట్’ అనే మాట దాకా వచ్చారు. 1915లో మర్రే కన్నుమూశాడు. నిఘంటువు పూర్తయింది 1928లో, 4,14,825 మాటలతో, 18 లక్షలకు పైగా ఉదాహరణ వాక్యాలతో.

ఆ వాక్యాలు ఎక్కడివి? పుస్తకాలు చదివి మాటలు పంపమని మర్రే జనానికి విజ్ఞప్తి చేశాడు. చీటీ పై మూలన మాట, కింద పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ, ఆ కింద వాక్యం. అంతే. ఇంటి పెరట్లో ఇనుప రేకులతో వేసిన షెడ్డులో వందల గూళ్ల అర చేయించి ఆ చీటీలు సర్దాడు. ఇంట్లో పిల్లలు కూడా చీటీలు వేరుచేసేవాళ్లు. ఉత్తరాల తాకిడి తట్టుకోలేక తపాలా శాఖ ఆయన ఇంటి ముందే ఒక పెట్టె పెట్టింది. అందరికన్నా ఎక్కువ చీటీలు పంపినవాడు థామస్ ఆస్టిన్. ఆయన ఒక్కడివే 1,65,000 దాకా ఉన్నాయి. డబ్ల్యు.సి. మైనర్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు, మతిస్థిమితం తప్పి హత్యకేసులో బ్రాడ్‌మూర్ ఆసుపత్రి నిర్బంధంలో ఉంటూ, అక్కడి గదిలోంచే ఏళ్ల తరబడి వేల వాక్యాలు పంపాడు. ఆ మనిషికి కూడా ఈ నిఘంటువులో వాటా ఉంది.

పేజీల లెక్కలో ప్రపంచ రికార్డు డచ్ భాషది. వాళ్ల పెద్ద నిఘంటువు మొదటి భాగం 1864లో వస్తే చివరిది 1998లో వచ్చింది. అనుబంధాలతో కలిపి 43 సంపుటాలు, 49,255 పేజీలు. పిల్లల కథలతో మనకు తెలిసిన గ్రిమ్ సోదరులు 1838లో మొదలుపెట్టిన జర్మన్ నిఘంటువు 1960ల ఆరంభానికి గాని పూర్తికాలేదు. పండు అనే అర్థమున్న ‘ఫ్రుక్ట్’ అనే మాట దగ్గర ఉండగా యాకోబ్ గ్రిమ్ కన్నుమూశాడు. మాట్లాడేవాళ్లు ఒక్కరూ మిగలని ప్రాచీన అస్సీరియన్ భాషకు షికాగో విశ్వవిద్యాలయం 1921లో మొదలుపెట్టి 2011లో, 90 ఏళ్లకు, నిఘంటువు పూర్తిచేసింది.

చిన్న మాట, పెద్ద మోత

అర్థాల రికార్డు పొడవైన మాటలకు దక్కలేదు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ రెండో కూర్పులో మూడక్షరాల ‘సెట్’ అనే క్రియకు 430 అర్థాలతో పెద్దపీట దక్కింది. తరువాతి సవరణల్లో ‘రన్’ దాన్ని దాటేసింది. 2011లో లెక్క తేలినప్పుడు రన్ క్రియ అర్థాలు 645. మనిషి, నది, రైలు, యంత్రం, ప్రభుత్వం, జలుబు చేసిన ముక్కు అన్నీ ఆ ఒక్క మాటతోనే నడుస్తాయి. ఇక పొడవు లెక్కకు వస్తే పెద్ద ఇంగ్లీషు నిఘంటువుల్లో చోటు దొరికిన అతి పొడవైన నామవాచకానికి 45 అక్షరాలు: న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కేనోకోనియోసిస్. సన్నటి ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అని అర్థం. 1930లలో ఒక పజిళ్ల సంఘం అధ్యక్షుడు పొడవు కోసమే కల్పించిన మాట అది.

తప్పిపోయిన మాట, లేని మాట

అంత జాగ్రత్తలోనూ మర్రే షెడ్డులో ఒక మాట తప్పిపోయింది. దాసి అనే అర్థమున్న ‘బాండ్‌మెయిడ్’. దాని చీటీలు ఎక్కడో పడిపోయి, ఆ భాగం అచ్చయ్యాక దొరికాయి. చివరికి 1933 అనుబంధంలో ఆ మాటకు చోటు దక్కింది.

దీనికి తలకిందులైన ఉదంతం అమెరికాలో జరిగింది. 1934 వెబ్‌స్టర్ నిఘంటువులో ‘డార్డ్’ అనే మాట సాంద్రత అనే అర్థంతో అచ్చయింది. ఇంగ్లీషులో అలాంటి మాటే లేదు. పెద్ద డి గాని చిన్న డి గాని సాంద్రతకు సంకేతమని రాసిన చీటీని ఒకే మాటగా చదివేశారు. 1939లో ఒక సంపాదకుడు దానికి వ్యుత్పత్తి లేదేమిటని అనుమానించేదాకా ఎవరూ పట్టుకోలేదు.

1852: రెండు నగరాలు, ఒకే ఏడు

లండన్‌లో రోజె థిసారస్ వచ్చిన 1852లోనే మద్రాసులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నిఘంటువు అచ్చయింది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన బ్రౌన్, తన జీతంలోంచి ఖర్చుపెట్టి జూలూరి అప్పయ్య లాంటి పండితులను పెట్టుకుని తెలుగు గ్రంథాల రాతప్రతులు పోగుచేయించాడు. పండితుల మాటలతో పాటు వాడుక మాటలకూ తన నిఘంటువులో చోటిచ్చాడు. ఆయన కన్నుమూసిన 1884లోనే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మొదటి భాగం వెలువడింది.

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన నామవాచకాలూ ఉన్నాయి. మన పందికొక్కు ‘బ్యాండికూట్’ అయింది. ఆ పేరే సముద్రాలు దాటి, ఆస్ట్రేలియాలోని వేరే జాతి జంతువుకు కూడా పడింది. పిట్ట అనే మన మాటను 1816లో ఒక ఫ్రెంచి పక్షిశాస్త్రవేత్త రంగురంగుల పక్షుల ప్రజాతికి శాస్త్రీయనామంగా పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ ఆ పక్షి గురించి రాసినా ఇప్పుడు పిట్ట అనే రాయాలి.

పొలం గట్టు మీద తయారైన నిఘంటువు

తెలుగువాళ్లు గర్వించదగ్గ రికార్డు మాండలిక వృత్తిపదకోశం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాలది 1971లో వచ్చాయి. పల్లెలకు వెళ్లి, పని చేసేవాళ్లను అడిగి, వాళ్లు పలికినట్టే రాసుకున్నారు. కోస్తా రైతు నాగలి అనేదాన్ని రాయలసీమ రైతు మడక అంటాడు. ఇలాంటి తేడాల ఆధారంగానే తెలుగుకు నాలుగు ప్రధాన మాండలిక మండలాలున్నాయని తేలింది. చేతిపనుల మాటల్లోని పర్యాయపదాలు ఒక భాష పటం గీసి ఇచ్చాయి. తరువాత మరికొన్ని వృత్తుల మీదా సంపుటాలు వచ్చాయి.

అయితే మగ్గం ఆగిపోయిన ఊళ్లో మగ్గం మాటలు ఎంతకాలం నిలుస్తాయి? ట్రాక్టరు వచ్చాక మడకలోని ఒక్కో కొయ్యకూ ఉన్న పేరు ఎవరికి గుర్తుంటుంది? అకాడమీలు, విశ్వవిద్యాలయాలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువును నిలబెట్టింది ఇళ్లలో కూర్చుని చీటీలు రాసిన వేలమంది. మీ ఇంట్లో వంట, పొలం, నేత, చేపల వేట, కుమ్మరం, వడ్రంగం తెలిసిన పెద్దవాళ్లుంటే ఒక నోటుపుస్తకం తీసుకుని వాళ్ల పక్కన కూర్చోండి. మాట, అర్థం, ఊరు పేరు, వాళ్లు ఆ మాట వాడిన ఒక వాక్యం. ఈ నాలుగు రాస్తే చాలు. రేపు ఒక నిఘంటుకారుడికి కావలసింది సరిగ్గా ఇదే.